గట్టు మీద రంగప్ప

ఇంటి పన్ను వసూలుకు వచ్చిననాడు మా ఇండ్లు మీ కళ్ళకు కనపడినాయి కదా. కరెంటు మీటరు బిగించిననాడు కనపడినాయి. ఓట్లు అడగడానికి వచ్చిననాడు గడప గడపా కనపడింది, పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కూడా కనపడింది. దారి కావాలని అడిగిననాడు మాత్రం ఇది అప్రూవల్ లేని లేఅవుటు, రికార్డులో ఇక్కడ ఇండ్లే లేవు, ఉన్నది పొలమే అంటారా? ఏ నోటితో అంటారు? పొలాన్ని ముక్కలు కోసి అమ్మించినవాడెవడో మీకు తెలుసు. ఆ ముక్కలను ఒక్కొక్కటిగా రిజిస్టరు చేసింది మీరే. ముద్ర కొట్టింది మీరే, కొట్టిన ముద్రకు విలువ లేదన్నదీ మీరే. అందరూ కలిసి చేసిన తప్పును తీసుకొచ్చి ఇటుకలు మోసేవాళ్ళ నెత్తిన పెట్టి, మీరు ఫ్యాను కింద చల్లగా కూర్చుంటారా? దేవకి నోరు విప్పలేదు. తిట్లన్నీ లోపలే సుడి తిరుగుతున్నాయి. గుడియాత్తం బస్టాండులో ఎక్కి కూర్చున్నప్పటి నుంచి ఇదే వరస, వేలూరు ప్లానింగు ఆఫీసులో ఉండే ఆ ఆఫీసరు ముందు సీట్లోనే ఉన్నట్టు, అతని వీపు మీద తిట్టుకు ఒక గుద్దు గుద్దుతున్నట్టు. తాముండే కాలువకట్ట నగర్ వాళ్ళ దరఖాస్తు ఇప్పటికే ఒకసారి తిరిగి వచ్చింది, మళ్ళీ తిరిగి వచ్చింది. ఈ రోజు కూడా రూలు ప్రకారం దారి చూపించలేకపోతే ఫైలు మూసేస్తాం, మొదటి నుంచి రండి అన్నాడు అక్కడి గుమాస్తా. మొదటి నుంచి అంటే ఎక్కడి నుంచి? మొండిగోడలు కూల్చి, పునాది పూడ్చి, మళ్ళీ వరి నాటి అక్కడి నుంచా?

"ఏమే, పండ్లు కొరుకుతుండావు?" అంది పక్కన కూర్చున్న లక్ష్మీదేవమ్మ. "కొరికేదేదో ఆఫీసులో కొరుకుదువులే. ఇప్పుడే కొరికితే అరిగిపోతాయి."

లక్ష్మీదేవమ్మ రంగప్ప పెండ్లాం. కాలువ కింద పొలాలున్న ఇంటి కోడలు. దేవకి సిమెంటూ ఇసకా మోసే ఇంటి కోడలు, మొగుడు గుణశేఖర్ మేస్త్రీ, తను కాంక్రీటు పోసే గుంపులో తట్ట అందించే మనిషి. రెండిళ్ళలోనూ మాట్లాడేది తెలుగే, ఇద్దరికీ ఆ తెలుగు రాయడం రాదు, అయినా భుజం భుజం తగిలించుకుని ఒకే సీట్లో కూర్చునే సంబంధం ఆ రెండిళ్ళ మధ్య ఏనాడూ లేదు. ఇప్పుడు కూర్చున్నారు. ముసలామె తలంటుకున్న జుట్టు ఇంకా ఆరలేదు, ముడిలోంచి నీళ్ళు కారి రవిక వీపంతా తడిసింది. పొద్దున చేసిన పని అలాంటిది, తలంటు తప్పదు. సీకాయ వాసన వెనకాలే లోతు మట్టి వాసన. అది ఎంత రుద్దినా పోనట్టుంది, గోళ్ళ సందుల్లో ఉండిపోయింది. ఒళ్ళో వైరు బుట్ట. అందులో రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకున్నట్టు సంతకాలు పెట్టిన కాయితాలు, వాటి మీద పులుసన్నం డబ్బా, గాలికి ఎగరకుండా. కొంచెం ముందు, మగవాళ్ళ వైపు, రాజమాణిక్యం ఉన్నాడు. రంగప్ప తమ్ముడు. ఆయన తల కూడా తడిగానే ఉంది. ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సు కాబట్టి ఆయన ఒక్కడే టికెట్టు తీసుకున్నాడు, మొగోడుగా పుట్టినందుకు దండగ అని కండక్టరుకు వినపడేలా గొణిగి మరీ తీసుకున్నాడు.

"ఆ ముందర కూసున్న మనిషిని అడుగు మే, బీపీ మాత్ర ఏసుకున్నాడా అని," అంది లక్ష్మీదేవమ్మ.

దేవకి మెడ చాపి అడిగింది. ఆయన తల తిప్పలేదు.

"ఏసుకున్నానని చెప్పు. మాత్ర మింగేదానికి గూడా ఆమె అప్రూవల్ కావల్నా?"

లక్ష్మీదేవమ్మ కిటికీ వైపు తిరిగింది. నవ్విందేమో, తెలియలేదు. బస్సు మగ్గాల వీధి మొగలో నిలబడింది, టకటక, టకటక, ఏ ఇంట్లో చూసినా అదే చప్పుడు, గుమ్మం పక్కన నిలువునా సాగదీసిన పడుగు దారాలు, ఎరుపూ నీలం చారలు, ఆ చారలు చూస్తే దేవకికి ఎప్పుడూ ఆ పొలమే గుర్తుకొస్తుంది, కాలువ కింద ఆ పొలం కూడా ఇట్లాగే చారలు చారలుగా ఉండేదట, రంగప్ప తాతలు పంచుకున్నప్పుడు అడ్డంగా కోయలేదు, నిలువునా కోశారు, ఎందుకంటే కాలువ ఒక పక్కే ఉంది, అడ్డంగా కోస్తే ముందు పాలు వచ్చినవాడు నీళ్ళు తాగి వెనకవాణ్ణి ఎండబెడతాడు, అందుకని ప్రతి కొడుకు పాలూ తల కాలువకు తగిలేలా పొడుగాటి పట్టీలుగా కోశారు. ఎంత న్యాయం అది! కాలువ దగ్గర పెద్దా చిన్నా లేదు, అందరి నోరూ నీళ్ళకు ఆనింది. వాళ్ళ కొడుకులు పంచుకున్నప్పుడూ నిలువునే, వాళ్ళ కొడుకులప్పుడూ నిలువునే, పట్టీలు సన్నబడి సన్నబడి చీర అంచంత అయ్యాయి. ఒక్కడూ అడ్డంగా ఒక దారి విడవలేదు. విడవాల్సిన పని లేదు, గట్టు మీద నడిస్తే చాలు, ఎడ్లు కూడా గట్టు మీదే పోయేవి. పడుగు పోసి పోసి పేక సంగతి మరిచిపోయారు. నీళ్ళ లెక్కలో అంత మంచి పంపకం, ఇండ్ల లెక్కకు వచ్చేసరికి ఉరితాడయింది. అట్లా ఆఖరికి పక్కపక్క పట్టీలు రంగప్పకూ రాజమాణిక్యానికీ వచ్చాయి. మధ్యలో గట్టు.

ఆ గట్టు కోసం కొట్టుకున్న కొట్లాట గుడియాత్తం సంత దాకా తెలుసు. ప్రతి ఏడూ దుక్కి దున్నేటప్పుడు తమ్ముడు గట్టును పారంత లోపలికి జరుపుతున్నాడని రంగప్ప అనుమానం. పొద్దున లేస్తే మొఖం కడగకముందే పోయి పాదం వెంట పాదం పెట్టి కొలిచేవాడు. జరిపినావు రా. జరపలే. జరిపినావు. పంచాయతీలు జరిగాయి, తాడు పట్టి కొలిచారు, ఒకసారి అటు ఎక్కువొచ్చింది, ఒకసారి ఇటు. అన్నదమ్ముల పిల్లల పెండ్లిళ్ళు ఒకరివి ఒకరు చూడలేదు. రంగప్పకు ఊపిరితిత్తులు చెడిపోయి మంచం పట్టినప్పుడు కూడా ఆయన అడిగింది మందు కాదు, గంజి కాదు. "నన్ను గట్టు మీదనే పెట్టండి. నా మీద యెట్ల నాగలి తోల్తాడో చూస్తా." ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక ఇంట్లోవాళ్ళు అట్లాగే చేశారు. గట్టు మీద, సరిగ్గా నట్టనడుమ, కాలువ వైపు తల పెట్టి. పైన సిమెంటు దిమ్మె కట్టింది గుణశేఖరే. అప్పటికింకా కొత్తగా మేస్త్రీ అయ్యాడు, దిమ్మెకు మట్టం చూస్తుంటే రంగప్ప చుట్టం ఒకడు, ఇటు ఒక వేలెడు తగ్గింది చూడు, ఆయప్ప లేచి అరుస్తాడు, అన్నాడట. రాజమాణిక్యం ఆ రోజు తన పట్టీ చివర నిలబడి చూశాడు. దగ్గరికి రాలేదు. పోనూ లేదు.

తరవాత కాలువ ఎండిపోయింది. నీళ్ళు పోయాక నీళ్ళ కోసం కోసిన పట్టీలు దేనికి? సైట్లు. ఒక బ్రోకరు తిరిగాడు, రెండిళ్ళకూ వేరువేరుగా, ఇక్కడొక మాటా అక్కడొక మాటా. రాళ్ళు పాతారు, సున్నం గీతలు గీశారు, "కాలువకట్ట నగర్" అని బోర్డు పెట్టారు. కట్టడం పని చేసేవాళ్ళందరూ ఎగబడి కొన్నారు. మన జనమంతా ఒకచోట, పనికి పోవడానికి బస్సు దగ్గర. ఎంత ఆనందం ఆ రోజు దేవకికి! రంగప్ప పట్టీలో కొన్నవాళ్ళకు గట్టు పక్కన ఇటు ఒక తోవ. రాజమాణిక్యం పట్టీలో కొన్నవాళ్ళకు గట్టు పక్కన అటు ఒక తోవ. రెండు తోవలు, ఒకదాన్నొకటి రాసుకుంటూ, కాలువ దాకా. నడుమ గట్టు, గట్టు మీద రంగప్ప. ఇటువాళ్ళు అటు అడుగు పెట్టకూడదు, అటువాళ్ళు ఇటు రాకూడదు. నీళ్ళ ట్యాంకరు రెండిట్లోనూ పట్టదు, మొగలో నిలబడుతుంది, బిందెలు మోసుకోవాలి. ఇటుక ఇటుకకూ దారం పట్టి, గోడ గోడకూ తూకం వేసి చూసే మేస్త్రీలు, ఒక్కడంటే ఒక్కడు ఆ తోవ వెడల్పు ఎంతని కొనేముందు అడగలేదు. నడిచాం కదా, పట్టింది కదా, చాలనుకున్నారు. దేవకి ఇల్లు లింటెలు మట్టం దాకా లేచి ఆగిపోయింది. ప్లాను లేదు పొమ్మంది పంచాయతీ. స్తంభాల నుంచి పైకి పొడుచుకొచ్చిన కమ్మీలు తుప్పు పట్టి, వాన పడినప్పుడల్లా గోడల మీద ఎర్రటి చారలు కారుతాయి. ఊరూరికీ స్లాబు పోసే మనుషులు, వేలూరులో మేడల మీద మేడలు పోసినవాళ్ళు, సొంత ఇంటి మీద రేకు కప్పుకుని పడుకుంటున్నారు. ఆ రేకు కింద ఎండాకాలం ఉడుకుతుంటే గుణశేఖర్ ఒక మాట అంటాడు, మన స్లాబు దేవుడు పోసినాడు లేవే, అదో పైన, నీలం రంగు.

లత్తేరి. "ఎల్లాం ఇరంగుంగ, లత్తేరి, లత్తేరి" అని కండక్టరు అరుస్తున్నాడు, దిగేవాళ్ళు దిగండని. బీడీ ఆకుల కట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె దిగింది, ఆకు వాసన బస్సులో మిగిలిపోయింది. రైలు గేటు. రైలు రాలేదింకా. బస్సు ఇంజను ఆపలేదు, సీటు వణుకుతోంది, ఆ వణుకులో దేవకికి రూలు గుర్తొచ్చింది. రూలు మీద ఎంత మండిపడింది తను! ఆడవాళ్ళను పోగేసుకుని పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని, రూలొద్దు, రోడ్డు కావాలి అని గొంతు పోయేలా అరిచింది. రోడ్డు కావాలన్నదీ ఆ రూలే అని తెలియదు అప్పుడు. కూతురు రంజిత ఒక సాయంత్రం ఫోనులో తమిళంలో ఉన్న ఆ రూల్సు చదివి వినిపించింది. విసుక్కుంటూ మొదలుపెట్టింది, దేవకి మాత్రం చేటలో బియ్యం అట్లాగే వదిలేసి కథ విన్నట్టు విన్నది. ప్రతి సైటుకూ ఒక మొఖం రోడ్డు వైపు ఉండి తీరాలట. ఇట్లాంటి వీధికి ఇరవైనాలుగు అడుగుల వెడల్పన్నా ఉండాలట, మంటలార్పే బండి వచ్చినా, ఎదురుగా ఇంకో బండి వచ్చినా ఇరుక్కోకుండా. కాలువ ఒడ్డును ఆనుకుని ఇల్లు కట్టకూడదట, నీళ్ళు వచ్చే రోజు వాటికీ జాగా ఉండాలి. వీధులు కలిసే చోట మూల సైటును కోణంగా కోసి వదలాలట. అదెందుకే, ఆ మూల వాడేం పాపం చేసినాడు? అని అడిగింది దేవకి. మలుపు తిరిగేవాడికి అవతలినుంచి వచ్చేవాళ్ళు కనపడాలి కదమ్మా అంది రంజిత. దేవకి చేట కింద పెట్టేసింది. ఎవరు రాశారో! ఏ ఆఫీసులో కూర్చుని ఏ మనిషి, తను ఎన్నడూ చూడని వీధి మూల మీద, తను ఎన్నడూ చూడని పిల్ల పరుగెత్తుకొస్తుందని తలచుకుని, ఆ మూల కోయమని రాశాడు! రాసిన మనిషికి దండం పెట్టాలి. రాసినదాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నవాళ్ళను చెప్పుతో కొట్టాలి. ఆ రూలును సైట్లు కోసే ముందు చూపించి ఉంటే, ఆ బోర్డు పాతిన రోజే వచ్చి టేపు పట్టి ఉంటే, ఇన్ని గోడలు మొండిగా మిగిలేవా? రూలు మంచిదే. రూలుకు కాపలా ఉన్నవాళ్ళే నిద్రపోయారు.

ఇటు పదకొండు అడుగులు. అటు పదకొండు. ఏది చూసినా రూలుకు చాలదు. మధ్యలో గట్టు కలిపితే సరిపోతుంది, మిగిలి మురిక్కాలువకు జాగా కూడా వస్తుంది. అంత తేలిక. చెప్పడం అంత తేలిక. ఒకామెను పోయి, అమ్మా, మీ ఆయన్ని తవ్వి తీసేస్తాం, అని అడగడం ఎట్లా? అందరూ మేం పోలేమన్నారు. గుణశేఖర్, ఆ దిమ్మె నా చేత్తో కట్టినాను, నా నోటితో అడగలేను అన్నాడు. దేవకి పోయింది. పోతే లక్ష్మీదేవమ్మ వసారాలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. కూర్చో అనలేదు, ఒక దోసెడు కాయలు దేవకి వైపు తోసింది, అంటే కూర్చోమనే. దేవకి ఒలుస్తూ మురిక్కాలువ గురించి చెప్పింది, ట్యాంకరు గురించి చెప్పింది, రూలు గురించి చెప్పింది, మూల కోయడం గురించి కూడా చెప్పింది, గట్టు పేరు మాత్రం నాలుక మీదికి రాలేదు. చెప్పిందే చెబుతుంటే ముసలామె చేయి ఆపింది.

"మా మరిదికీ ఈ రూలేనా?"

"అదేమ్మా. ఇద్దురికీ అదే."

"డబ్బుండేవాళ్ళకీ? పెద్ద పెద్ద కాంట్రాక్టర్లకీ?"

"ఎవురికైనా ఇరవైనాలుగే అడుగులమ్మా. తప్పించుకునేవాళ్ళు ఉంటారు, అది వేరే."

"అట్లయితే మంచి రూలే." ఇంకొక కాయ ఒలిచింది. "మా ఆయనకి తాడు పట్టి కొలిచినోళ్ళంతా మనిషిని చూసి కొలిచినారు. ఇది దారిని చూసి కొలుస్తావుండాది." కాసేపు ఒలిచింది. పొట్టు ఊదింది. "ఊరికినే చుట్టూ తిరగబాకు మే. నువ్వు వచ్చినప్పుడే తెలిసినాది ఏమడుగుతావని. ఎప్పుడు తవ్వేది?"

ఎట్లాంటి మనిషి! దేవకి ఆ రోజు ఇంటికి పోతూ తోవలో నిలబడి ఏడ్చింది, ఎందుకో తెలియదు, గెలిచినందుకు కాదు. తను ఇన్నేళ్ళూ అరిచింది, ధర్నాలు చేసింది, అయినా సొంతది ఏదీ వదులుకోలేదు, వదులుకోవడానికి ఏమీ లేదు కదా. ఈమె దగ్గర ఉంది. ఉన్నదాన్ని చెనక్కాయ పొట్టు ఊదినట్టు ఊదింది. అయినవాళ్ళు మీద పడ్డారు, పాతిన మనిషిని కదిలిస్తే వంశానికి మంచిది కాదన్నారు, కూలోళ్ళ మాట విని తాళి కట్టినవాణ్ణి తవ్విస్తావా అన్నారు. ఆమె తాసిల్దారు దగ్గరికి తనే పోయి సమాధి కదిలించడానికి అనుమతి అడిగింది. తోవను పంచాయతీకి దాన పత్రం రాసివ్వాలని, రోడ్డు ఏ ఒక్కరి సొత్తూ కాకూడదని, అదీ రూలేనని రంజిత చదివి చెప్పినప్పుడు మాత్రం గట్టిగా నవ్వింది. "దానమా? సర్కారుకి నేను దానం చేసేదా! మా అత్త తన జన్మలో పిడికెడు బియ్యం ఎవురికీ వేసింది లేదు. ఇప్పుడు సూడు, గవర్నమెంటే వాకిట్లో నిలబడి అమ్మా తల్లీ అంటావుండాది."

గేటు తెరిచారు. బస్సు కదిలింది. గాలి. ఈ రోజు పొద్దున కూడా ఇట్లాంటి గాలే, తెల్లవారీ తెల్లవారకముందు, గట్టు చుట్టూ రెండు తోవల జనం, ఇటువాళ్ళు ఇటే, అటువాళ్ళు అటే. లక్ష్మీదేవమ్మ దిమ్మె పక్కన గొంతుకూర్చుని, తడిగుడ్డతో దాన్ని తుడిచింది, బిడ్డ మొఖం తుడిచినట్టు. ఏదో అంటోంది. దేవకి ఒక్కతికే వినపడింది. "చాల్లే నాయనా, కాపలా కాసింది చాలు. లెయ్, ఇంటికి పోదాం పా." గుణశేఖర్ సుత్తి ఎత్తి, ఎత్తిన చేయి దించలేక నిలబడ్డాడు. అప్పుడు అటు తోవలో జనం జరిగారు. రాజమాణిక్యం. పంచె ఎగగట్టి వచ్చాడు. గట్టు ఎక్కాడు. ఆయన గట్టు ఎక్కడం అక్కడున్నవాళ్ళలో సగం మంది అంతకుముందు ఎన్నడూ చూసి ఉండరు. "గడపార ఇట్లియ్యి. మా అన్నని ఎత్తేదానికి నేను లేకుండా మీరెవుర్రా?" ముసలి చేతులు, నరాలు తేలిన చేతులు, ఒక్కడే తవ్వాడు, ఎవరినీ ముట్టనివ్వలేదు, ఊపిరి ఆడక నిలబడి మళ్ళీ తవ్వాడు. మిగిలింది కొంచెమే. కొత్త కుండలో పట్టేంత. కుండను ఆయనే ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద చతికిలబడ్డాడు, దాని అంచు నిమురుతూ కుండతోనే మాట్లాడాడు.

"అన్నా, నేను జరపలేదు రా గట్టు. నా బిడ్డల మీద ఒట్టు. వాన కోసేసేది. ఒకేడు నీ తట్టు, ఒకేడు నా తట్టు."

లక్ష్మీదేవమ్మ తడిగుడ్డ పిండుతూ, ఆయన వైపు చూడకుండానే, దేవకితో అంది. "తెలుసని చెప్పు. ఆయనకీ తెలుసని చెప్పు."

"తెలిసీనా?" అన్నాడు రాజమాణిక్యం.

"తెలిసే."

ఆ మాట అని లేచి, కుండ ముందు నడిచింది, తన పొలంలో మిగిలిన బావి దగ్గరికి. అక్కడ గుంత తవ్వి ఉంచింది ఎప్పుడో. వెనకాల రెండు తోవల జనమూ కలిసి గట్టును చదును చేశారు. తెలిసే. ఒక మొగుడి మొండితనాన్ని చూస్తూ చూస్తూ ఇన్నేళ్ళు దాన్ని మోసి, ఆయన పోయాక గట్టు మీద దానికి పసుపూ కుంకుమా పెట్టి, ఈ రోజు ఒక్క మాటలో దించింది. అబద్ధం చెప్పి మొగుణ్ణి కాపాడలేదు, నిజం చెప్పి అవమానించలేదు. దేవకి పక్కకు చూసింది. ముసలామె నిద్రపోతోంది, నోరు కొంచెం తెరుచుకుని, తల బస్సు ఊపుకు కొట్టుకుంటూ. దేవకి భుజం జరిపి ఆ తలను తన వైపు ఒరిగేలా చేసుకుంది. బరువు లేదు. ఇంత తలకాయలో అంత ధైర్యం ఎట్లా పట్టిందో. మీటింగుల్లో మైకు పట్టుకుని త్యాగం త్యాగం అనేవాళ్ళను చూసింది దేవకి, తనూ అంది. త్యాగమంటే ఇట్లా ఉంటుందని, సీకాయ వాసన వేస్తుందని, గోళ్ళలో మట్టితో ఫ్రీ బస్సులో నిద్రపోతుందని ఎవరు చెప్పారు?

కాట్పాడి వంతెన. కింద పట్టాలు, పట్టాల మీద పట్టాలు. ట్రాఫిక్కు. భయం ఇక్కడే మొదలైంది. ఈ రోజు ఒప్పుకున్నారు. రేపు? రాజమాణిక్యం కొడుకులకు ఇష్టం లేదు, పొద్దున గట్టు దగ్గరికి వాళ్ళు రాలేదు. లక్ష్మీదేవమ్మ తరఫువాళ్ళు కోర్టుకు పోతామంటున్నారు. మనసు అనేది తడి సిమెంటు లాంటిది, కలిపిన పూటే వాడాలి, తెల్లారితే గడ్డకట్టి గునపంతో కొట్టినా పగలదు. ఈ రోజే ఆ ఆఫీసరు కదలాలి. ఈ రోజే వచ్చి గట్టు లేని దారిని కళ్ళారా చూసి, కొలిచి, రోడ్డని రాయాలి. రాశాక ఎవడు ఎదురు తిరిగినా అది రోడ్డే. రాయకపోతే నాలుగు తట్టల మట్టి పోసి మళ్ళీ గట్టు లేపడం ఎంతసేపు? బస్సు పాలారు మీదికి ఎక్కింది, అంత వెడల్పు ఏరు, ఎంత వెడల్పో, ఇసకా తుమ్మలూ, ఎక్కడో ఒక పాయలో మురికినీళ్ళు మెరుస్తున్నాయి. లక్ష్మీదేవమ్మకు మెలకువ వచ్చింది. కొంగుతో మూతి తుడుచుకుంది. రాజమాణిక్యం ముందు సీటు కడ్డీ పట్టుకుని లేచి, ఊగుతూ వచ్చి, వాళ్ళ సీటు పక్కన నిలబడ్డాడు.

"వదినా. ఆ డబ్బా ఇట్లియ్యి. ఏమీ తినకుండా రాయవేలూరులో కండ్లు తిరిగి పడిపోతే నేను మొయ్యలేను."

లక్ష్మీదేవమ్మ అతని మొఖం చూసింది. దేవకి వైపు తిరగలేదు, దేవకితో చెప్పమనలేదు. డబ్బా మూత తీసి అతనికే అందించి, "ముందు నువ్వు తిను. ఉప్పు తక్కువేసినాలే, నీకు బీపీ" అంది. దేవకి కిటికీ వైపు తిరిగిపోయింది, ఏటి వైపు, కళ్ళల్లో ఇసక పడినట్టు.

ఆఫీసులో వరండా చల్లగా ఉంది, గోడలకు మ్యాపులు. ఆఫీసరు ఉన్నాడు, అంతవరకు అదృష్టం. చిన్నవాడే, మర్యాదగానే కాయితాలు తీసుకున్నాడు, పాత నక్షా పక్కన కొత్త నక్షా పెట్టి చూశాడు, రెండు సన్నటి గీతలు ఒక రోడ్డయిన చోట వేలు ఆపాడు. ఆ వేలు అక్కడ ఆగడం చూసి దేవకి కుర్చీ అంచుకు జరిగింది. బాగుందమ్మా, రూలుకు సరిపోతుంది అన్నాడు తమిళంలో. కాని స్థలం చూడకుండా రాయలేను, సర్వేయరు లీవులో ఉన్నాడు, అడుత్త వారం వాంగ. వచ్చే వారం రండి. దేవకి లోపల పొద్దుటినుంచి ఉడుకుతున్నదంతా గొంతు దాకా వచ్చింది, పంచాయతీ, బ్రోకరు, ముద్రలు, మొండిగోడలు, అన్నీ ఒకేసారి, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి ఒక్కటీ బయటికి రాలేదు. అంతలో పక్కన కుర్చీ కదిలిన చప్పుడు. లక్ష్మీదేవమ్మ లేచింది. మట్టి గోళ్ళ చేయి ఆ నక్షా మీద పెట్టింది, అతని వేలు పక్కన. గొంతు పెంచలేదు. తెలుగులోనే అంది, అతనికి వచ్చినా రాకపోయినా.

"సూడు నాయనా. చచ్చిపోయినోణ్ణి లేపి జరిపి వచ్చినాము మేము. బతికినోడివి, కుర్చీలో ఉండేవాడివి, నువ్వు జరగలేవా? వచ్చే వారం అనబాకు. వచ్చే వారానికి ఈ మనసులు ఇట్లనే ఉంటాయని నువ్వు సంతకం పెడతావా? సర్వేయరు లేకపోతే ఇంకో సర్వేయరు, వాడూ లేకపోతే నువ్వు. టేపు తీసుకో. లెయ్. ఈపొద్దే వచ్చి కొలువు. కొలిచి, ఇది రోడ్డు, ఇది ఎవురిదీ కాదు, ఇది అందురిదీ అని అక్కడ నిలబడే రాయి."